అంచు పక్క మనిషి

స్వరూప బొట్టు పెట్టుకుంది.

మొగుడు కురుమయ్య చచ్చిపోయిన ఏడు తీసేసిన బొట్టు. "పెట్టుకోవే, ఎవడేమంటడో నేను జూసుకుంట" అని తోడికోడలు ఇందిరమ్మ ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నా పెట్టుకోని బొట్టు. ఆ పొద్దున మంచం మీద కూర్చునే అద్దం అడిగి తీసుకుని, ఇందిరమ్మ స్టిక్కర్ల అట్టలోంచే ఒకటి గిల్లి నొసట అంటించుకుంది. సరిగ్గా నడుమ పడలేదు. వాచిపోయిన ఎడమ చెయ్యి దిండు మీది నుంచి లేవదు. కుడి చేత్తోనే తీసి, మళ్ళీ అంటించింది.

ఇందిరమ్మ దువ్వెన పట్టుకుని వెనక నిలబడి చూస్తోంది.

"ఏందే కొత్తగ?"

"బాగలేదా అక్కా?"

"బాగనే ఉంది. నేను మొత్తుకున్నన్ని దినాలు చెవికెక్కలె. ఇయ్యాల ఎవరు జెప్పిండ్రు?"

"చెప్పలె. అర్చన అడిగింది. ఎందుకు పెట్టుకోరు, మీకిష్టం లేదా అని. ఇష్టమే గదా అనిపిచ్చింది."

ఇందిరమ్మ దువ్వెనను కొంచెం గట్టిగానే లాగింది. మందులకు రాలిపోయి తిరిగి మొలిచిన జుట్టు అది, పసిపిల్లల జుట్టులా మెత్తగా ఉంది. దానికి అంత బలం అక్కర్లేదు.

అర్చన హైదరాబాదులో ఉంటుంది. ఇద్దరూ ఆమెను ఎన్నడూ ఎదురుగా చూడలేదు. రొమ్ము తీసేశాక కూడా రోగం ఎముకల్లోకి పాకిందనీ, ఇంక చేసేదేమీ లేదనీ, నొప్పికి మాత్రలిస్తాం ఇంటికి తీసుకుపొమ్మనీ పట్నం దవాఖానలో చెప్పిన రోజునే ఒక నర్సు ఈ సంగతి చెప్పింది. ఇట్లా ఇళ్ళకు పంపేసిన రోగులు కంప్యూటర్ ముందు కూర్చుని తమ బతుకు కథ చెప్పుకుంటారట. అటుపక్క ఒక మనిషి వింటుందట, మధ్యమధ్య అడుగుతుందట, విన్నది రాసి నెట్టులో పెడుతుందట. అదే రోగం ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి వాళ్ళో చదివి రెండు మాటలు రాస్తారట. "మందు లేదంటిరి. కథలు జెప్తె తగ్గుతదా?" అని ఇందిరమ్మ ఆ నర్సు మీదికి లేచింది. గద్వాల వచ్చిన మూడోనాడు స్వరూప, "అక్కా, మన బాబు మియా కొడుక్కు కంప్యూటర్లు ఉన్నయి గదా" అంది. అంతే.

బాబు మియా కొడుకు ఫహీమ్ నెట్ సెంటర్ పాత బస్టాండు దగ్గర. పదో తరగతి ఫలితాల రోజు తప్ప మిగిలిన రోజుల్లో పొద్దుటిపూట ఖాళీగానే ఉంటుంది. ఆటో దిగగానే ఇందిరమ్మ మరిదిభార్య నడుము చుట్టూ చెయ్యి వేసి, ఆమె బరువంతా తన తుంటి మీదికి తీసుకుని మెట్లెక్కించింది. ఆ బరువు వారం వారం తగ్గుతోంది. ఫహీమ్ ఒక గది చెక్కను ఊడబీకి, రెండు గదుల్ని ఒకటి చేసి, ఇంటి నుంచి పరుపు కుర్చీ తెచ్చి వేశాడు. ఇందిరమ్మ ఎడమ చేతి కింద దిండు సర్దింది. చెవులకు తగిలించే ఫోన్లు స్వరూప తలకు తగిలించింది. తెర మీద ముందు గీతలు, తర్వాత గళ్ళు, ఆ గళ్ళలోంచి కళ్ళద్దాల పిల్ల మొహం తేలింది.

స్వరూప మొహం మారిపోయింది.

"బొట్టా? అవ్, పెట్టుకున్న" అని తెరతో అంది. నవ్వింది. అటుపక్క ఏమన్నారో ఇందిరమ్మకు వినబడదు. అది స్వరూప చెవుల్లోనే ఉంది.

"అక్కా, నువ్వు జర బయట కూసుంటవా?" అంది స్వరూప, వెనక్కి తిరక్కుండానే.

*

బయట బల్ల మీద ఇందిరమ్మకు పని లేదు. మిర్చి బజ్జీల బండివాడు నూనె కాగబెడుతున్నాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఒళ్ళో స్టీలు డబ్బా, వాంతి వస్తే పట్టడానికి మగ్గు, మాత్రల సంచీ. వీటిని మోసేది తను. రాత్రుళ్ళు ఒళ్ళు తుడిచేది తను. మూడు నెలలుగా పుండు కడిగేది తను. కడిగి, కట్టు కట్టి, ఆ వాసన ముక్కులో ఉండగానే వంటింట్లోకి పోయి గంజి కాచేది తను. లోపల నవ్వులు ఆ పిల్లకు.

కర్టెన్ వెనక నుంచి మళ్ళీ నవ్వు వినిపించింది. స్వరూప నవ్వితే ఎట్లా ఉంటుందో ఇందిరమ్మ మరిచేపోయింది. నవ్వేటప్పుడు ముక్కుతో చిన్న చప్పుడు చేస్తుందా? ఎప్పటి నుంచి?

గద్వాల చీర ఒక మనిషి నేసేది కాదు. చీర నడుమంతా నూలు, అంచు పట్టు. మగ్గం గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు నడుమ నేస్తారు, ఒకరు ఎడమ అంచు వేస్తారు. ప్రతి వరుసలోనూ నూలు పోగు, పట్టు పోగు ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుని మెలిపడాలి. ఇటు మనిషి వేస్తే అటు మనిషి అందుకోవాలి. ఇరవై ఏళ్ళుగా ఆ గుంటలో నడుమ నేసేది స్వరూప, అంచు వేసేది ఇందిరమ్మ. మోకాలికి మోకాలు తగులుతూ, ఒకరి చెమట వాసన ఒకరికి తెలుస్తూ. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె విసిరే చేతి మీద వెంట్రుక ఎటు తిరిగిందో కూడా ఇందిరమ్మ చెప్పగలదు. ఇంత తెలిసిన మనిషి దగ్గర ఆ పిల్లకు చెప్పేంత కొత్త సంగతి ఏముంది?

ఫహీమ్ టీ తెచ్చి ఇచ్చాడు.

"తాగమ్మా. లోపల చిన్నమ్మకు ఇంకా జర సేపు పడ్తది."

"ఫహీమూ, ఆమె ఏం జెప్తున్నదిరా?"

"నేను ఇననమ్మా. మర్యాద గాదు."

"నువ్వు నవ్వుతుంటివి నిన్న. ఇననోడివి ఎందుకు నవ్వినవ్?"

ఫహీమ్ మొహం తిప్పుకుని, "చిన్నమ్మ మస్తు జెప్తదమ్మా. అసలు ఆమెకు గన్ని మాటలొస్తయని నాకు తెల్వదు" అన్నాడు.

ఇందిరమ్మకూ తెలీదు. టీ చేదుగా ఉంది.

ఇంటికి వచ్చాక మాత్ర వేసి, గంజి తాగిస్తూ, ఊరికే అడిగినట్టు అడిగింది.

"నా ముచ్చట గిట్ల జెప్పినవా ఆ పిల్లకు?"

స్వరూప గంజి మింగి, "నీ ముచ్చట లేకుంట నాదేముంది" అంది. ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఏం జెప్పినవ్? నేను గయ్యాళిదాన్నని జెప్పినవా?"

స్వరూప నిద్రపోయింది. పోయిందో, పోయినట్టు పడుకుందో.

"నాకు జెప్పొచ్చు గదనే అవే మాటలు" అంది ఇందిరమ్మ గోడతో. "నాకేమన్న చెవులు లెవ్వా?"

పక్క గదిలో మగ్గం మీదున్న నాగప్ప చప్పుడు ఆపకుండానే, "నీకు చెవులున్నయని ఇయ్యాలనే తెలిసె" అన్నాడు. పెళ్ళాం చూసిన చూపుకు మళ్ళీ తల ఎత్తలేదు.

మర్నాడు స్వరూప పొద్దున్నే లేచి కూర్చుంది. కష్టపడి మంచి చీర కుచ్చిళ్ళు ఒంటిచేత్తో పెట్టుకుని, బొట్టు పెట్టుకుని, గుమ్మం వైపు చూస్తోంది. ఇందిరమ్మ ఆటో కోసం వీధి చివరిదాకా పోయింది. ఆటో ఉంది. డ్రైవరు "పోదామా అమ్మా" అని కూడా అన్నాడు. ఇందిరమ్మ కొంచెం సేపు అక్కడే నిలబడి, తిరిగి వచ్చేసింది.

"నెట్టు లేదంట. తీగ తెగిందంట యాడనో."

"ఫహీమ్ జెప్పిండా?"

"ఆ."

స్వరూప కుచ్చిళ్ళు ఒక్కొక్కటే లాగి, చీర విప్పి, మడిచింది. గోడ వైపు తిరిగి పడుకుంది. నొసటి స్టిక్కరు తీసి మంచం కోడుకు అంటించింది. ఆ పగలంతా గంజి ముట్టలేదు. నొప్పి అంటే చెప్పలేదు, మాత్ర వేస్తే మింగింది. తన పక్కన ఇంత సేపు వేరే మాట లేకుండా ఉంటే ఆమె తనదే అవుతుందనుకుంది ఇందిరమ్మ. మనిషి గోడదైంది.

*

మరునాడు తనే ఆటో పిలుచుకొచ్చింది. "తీగ అతికిండ్రంట" అంది. స్వరూప ఆమె మొహం చూసింది, నమ్మిందో లేదో తెలీదు. మంచం కోడు నుంచి స్టిక్కరు తీసి పెట్టుకుంది. జిగురు పోయి నిలవలేదు. ఇందిరమ్మ అట్టలోంచి కొత్తది తీసి, తనే నడుమకు చూసి అంటించింది.

ఆ రోజు నెట్ సెంటర్లో చెవి ఫోన్లు పని చేయలేదు. రాత్రి కరెంటు హెచ్చి వచ్చి ఏదో కాలిపోయిందని ఫహీమ్ తీగలన్నీ పీకి చూశాడు. ఆఖరికి తన బల్ల మీది స్పీకరు డబ్బా తెచ్చి పెట్టాడు. "ఇట్లయితే బయటికి ఇనవడ్తది చిన్నమ్మా, పరవాలేదా?" అన్నాడు. లోపల్నుంచి స్వరూప ఏదో అంది. ఇందిరమ్మ బల్ల మీద కూర్చుని, స్టీలు డబ్బాను ఒళ్ళోకి లాక్కుని, చెవి కర్టెన్ వైపు పెట్టింది. సిగ్గుపడలేదు. ఇన్నాళ్ళకు వినబడబోతోంది.

"నిన్న రాలేదేమండీ? కంగారు పడ్డాను" అంది ఆ పిల్ల గొంతు. పట్నం గొంతు, సన్నగా, శుభ్రంగా.

"తీగ తెగింది బిడ్డా."

"జీపు దగ్గర ఆగిపోయాం. గుర్తుందా? ఆఫీసరు వచ్చాడు, నేతగాళ్ళ కార్డులు రాసుకుంటున్నాడు..."

జీపు! ఇందిరమ్మ గుండె గుప్పున పొంగింది. తన జీపు. తన కథ. కొడుకు నిరంజన్ పాలు తాగే రోజుల్లో జరిగింది అది. ఇప్పుడు వాడు వనపర్తిలో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. చేనేత సంఘం ముందు ఆఫీసరు కుర్చీ వేసుకుని, ఇంటికొక కార్డు, అదీ మగవాడికే అన్నాడు. నేసేది మగాడు, ఆడది చెయ్యి సాయం అన్నాడు. చెయ్యి సాయమంట! సగం మగ్గం నాది, సగం చీర నాది, నా చెయ్యి సాయమా నీకు అని ఇందిరమ్మ ముందుకు దూకింది. ఆ జీపు కదలకుండా... చూశావా, చెప్తోంది! నా గురించే చెప్తోంది! అనవసరంగా ఆడిపోసుకుంటిని. ఇందిరమ్మ ఫహీమ్ వైపు చూసి కన్నెగరేసింది. విను, అన్నట్టు.

"ఆఁ, యాదికుంది" అంటోంది స్వరూప. ఊపిరికి ఊపిరికి నడుమ ఆగుతోంది. "జీపు స్టార్ట్ చేసిండు. ఆడోళ్ళందరు ఎనకకు జరిగిండ్రు. నేను మాత్రం జరగలె. కొంగు నడుముకు జెక్కుకున్న. పోయి చక్రాల ముంగట పండుకున్న. ఎక్కించు అన్న. నా మీదికెల్లి తోల్కపో అన్న."

ఇందిరమ్మ నోరు తెరిచే ఉంది.

"భయం వేయలేదా?"

"భయమా? ఇంజను వేడి మొఖానికి తగుల్తుండె. నూనె చుక్క నా చెంప మీద పడె. నేను నవ్విన."

ఆ నూనె చుక్క ఇందిరమ్మ చెంప మీద పడింది. ఎడమ చెంప. ఆ నూనె చుక్క సంగతి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు. మగ్గం గుంటలో, పోగు పోగుకు నడుమ, ఒక్క స్వరూపకే చెప్పింది.

"మీరు ఎంత గొప్పవారండీ!" అంది డబ్బాలోంచి ఆ పిల్ల.

ఇందిరమ్మ లేచి ఫహీమ్ బల్ల దగ్గరికి పోయింది. గొంతు తగ్గించి, ఆమెకు గొంతు తగ్గించడం ఎప్పుడూ చేతకాదు, "ఇంతకు ముందు ఏం జెప్పింది? దాపెట్టకు. జెప్పు" అంది.

ఆమె మొహం చూసి ఫహీమ్ భయపడ్డాడు. తెలిసినంత చెప్పాడు. మల్దకల్ జాతరలో తప్పిపోయి మిఠాయి దుకాణంలో బల్ల కింద నిద్రపోవడం. మానవపాడులో మిరప చేలో పడ్డ దున్నను ఒంటరిగా తోలడం. బడిలో పంతులు బెత్తాన్ని విరిచి పారేయడం.

తెలకపల్లిలో పుట్టిన స్వరూపకు మల్దకల్ జాతర ఎక్కడిది? మానవపాడు మిరప చేను ఎవరిది? ఆ బెత్తం విరిగింది ఎవరి మోకాలి మీద?

"ఏమైందమ్మా?" అన్నాడు ఫహీమ్.

"ఏం గాలె. ఇల్లు దోచుకపోయిండ్రు" అంది ఇందిరమ్మ.

*

ఇల్లు చేరేదాకా పళ్ళ బిగువున ఆపుకుంది. మంచం మీద కూర్చోబెట్టి, చేతి కింద దిండు పెట్టి, నీళ్ళు తాపి, అప్పుడు అడిగింది.

"జీపు ముంగట పండుకున్నది ఎవరే?"

స్వరూప తల దించుకోలేదు.

"నువ్వు."

"మరి ఆ పిల్లకు?"

"నేనని జెప్పిన."

"దొంగముండా!" ఇందిరమ్మ గొంతు వీధిలోకి పోయింది. పక్క గదిలో మగ్గం చప్పుడు ఆగింది. "నా పుండు గాదు, నా రోగం గాదు, అన్నీ కడిగి నీకు సేవ జేస్తుంటే, నా బతుకు గుంజుకుంటవా? నీకు లేదా ఒక బతుకు? నీది నువ్వు జెప్పుకో! నాది నాకిడిసిపెట్టు!"

"చెప్పబోతి." స్వరూప చెప్పేది వినడానికి వంగాలి. ఇందిరమ్మ వంగలేదు. "మొదటి దినం ఆ పిల్ల అడిగింది, చిన్నప్పుడు మీకు ఏం ఇష్టముండె అని. నోరు తెరిస్తి. నీ మల్దకల్ జాతర వచ్చింది."

"అబద్ధం."

"ఒట్టు అక్కా. నాది ఎప్పుడన్న నోటితోని జెప్పింటే గదా నోటికొచ్చేది." ఆగింది. ఊపిరి తీసుకుంది. "నడుమ నేసేదాన్ని. బుటా పువ్వుకు పోగులు లెక్కవెట్టాలె. నోరు తెరిస్తె లెక్క తప్తది. నీకు అంచు. నీ నోరు ఖాళీ. నువ్వు జెప్తివి. నేను ఇన్న. ఇరువై ఏండ్లు నాది ఎవరు జెప్పమన్నరు?"

"నేను వద్దన్ననా?"

"జెప్పమనలె గూడ."

ఇందిరమ్మ ఒక్క క్షణం తడబడింది. తడబడితే ఓడినట్టే ఆమెకు. "కార్డు! కార్డు సంగతి గూడ నీదేనా? జీపు ఆపి కార్డు తెచ్చుకుంది గూడ నువ్వేనా?"

"కార్డు నీది. ఆ దినం సంఘం కాడ ఉన్నోళ్ళ ఫొటోలే కార్డుకు తీసిండ్రు. నేను ఇంట్ల ఉంటి. చీర నేసుకుంట." స్వరూప కళ్ళు మూసుకుంది. "నా దగ్గర కార్డు లేదక్కా. నేను నేసేదాన్నని సర్కారుకు తెల్వదు."

"రేపు నేను పోత. పోయి జెప్త ఆ పిల్లకు. అయన్నీ నావి, ఈమె ఉత్తగ నేసుకుంట కూసున్నది అని జెప్త."

"పో. జెప్పు."

ఆ మాట స్వరూప కోపంగా అనలేదు. అలిసిపోయి అంది. అదే ఇందిరమ్మకు మరింత మండింది.

*

మర్నాడు స్వరూప లేవలేదు. మాత్ర మింగడానికి తల ఎత్తింది, మళ్ళీ దించింది. నాగప్ప మగ్గం దిగి వచ్చి, చూసి, "నేనుంట. నువ్వు పొయ్యేటిదుంటే పో" అన్నాడు.

ఇందిరమ్మ తల దువ్వుకుంది. మంచి చీర కట్టుకుంది. అద్దంలో తన బొట్టు సరిచేసుకుంది. ఒక మాట తయారు చేసుకుంది. ఆటోలో బస్టాండు దాకా ఆ మాటనే తిప్పితిప్పి అనుకుంటూ పోయింది: ఇగో బిడ్డా, జీపు ముంగట పండుకున్నది నేను. మల్దకల్ల తప్పిపోయింది నేను. ఆమె గాదు, నేను.

ఫహీమ్ పరుపు కుర్చీలో కూర్చోబెట్టి తెర ముందు సర్దాడు. చెవి ఫోన్లు ఇంకా బాగుకాలేదని స్పీకరు డబ్బానే పెట్టాడు. గీతలు, గళ్ళు. కళ్ళద్దాల పిల్ల.

అంత చిన్నదా! మెడ మీద కందిన మచ్చ ఉంది. వెనక ఎవరిదో ఆరేసిన తువ్వాలు. ఇన్నాళ్ళు తను ఎవరి మీద పళ్ళు నూరిందో ఆ మనిషి ఈ పిల్లేనా?

"నమస్తే అండీ. మీరు ఇందిరమ్మ గారు కదూ?"

"అవ్." తయారు చేసుకున్న మాట నాలుక చివర ఉంది.

"స్వరూప గారు ఎలా ఉన్నారు?"

"లేస్తలేదు. పానమైతే ఉంది."

ఆ పిల్ల కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "ఇలా కావచ్చని చెప్పారు. నాకు చేతకాని రోజున మా అక్క వస్తుంది, ఆమెను అడగండి అన్నారు. ఒక మాట కూడా చెప్పారు. మా అక్క ఎక్కువ మాట్లాడదు, నోట్లో నాలుక లేని మనిషి, తొందరపెట్టొద్దు అన్నారు."

బయట ఫహీమ్‌కు పొలమారింది.

"నేనా?" అంది ఇందిరమ్మ.

"ఇద్దరూ ఒక మగ్గం మీద ఉంటారట కదా. నేను వాగుతూ ఉంటాను, ఆమె వింటూ నేస్తుంది అన్నారు. మీ గురించి చెప్పని రోజు లేదండీ. నిజం చెప్పాలంటే, జీపు కథ మొదలుపెట్టకముందే మీ సంగతి రాయమన్నారు. చదవమంటారా?" ఆ పిల్ల పక్కకు చూస్తూ చదివింది. "'జీపు ముందు పడుకోవడం ఎంతసేపు? మధ్యాహ్నానికి అయిపోయింది. అందరూ నన్నే మెచ్చుకున్నారు. నా పాలు తాగే పిల్లవాడిని ఇంట్లో ఆమె మీద పడేసి పోయాను. చీర ఆ సాయంత్రానికి దించాలి. ఇద్దరి పని ఆమె ఒక్కతే చేసింది. ఆమె ఇంట్లో లేకపోతే నేను జీపు దాకా పోయేదాన్నే కాదు.'"

చదవడం ఆపింది.

ఇందిరమ్మ ఆ మాటలు తను అన్నవేమో అని వెతుక్కుంది. లేదు. తను ఎన్నడూ అనలేదు. ఇవి తను అనాల్సిన మాటలు, తన గొంతుతో, తన నోటితో. ఎవరూ అనకపోతే స్వరూప తనకు తానే చెప్పుకుంది. చుట్టూ తిప్పి, పట్నం దాకా పంపి, మళ్ళీ ఇందిరమ్మ చెవిలోనే వేసింది.

తెర మూలన చిన్న డబ్బాలో తన మొహం తనకే కనిపిస్తోంది. మంచి చీర, సరిచేసుకున్న బొట్టు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన మనిషి మొహం.

"గొప్ప ధైర్యం కదండీ స్వరూప గారిది" అంది ఆ పిల్ల.

మండింది. అబద్ధం ఎందుకు, ఇప్పటికీ మండింది. నూనె చుక్క పడిన చెంప చురుక్కుమంది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరే ఉంది.

"అవ్" అంది ఇందిరమ్మ. "జీపు ముంగట పండుకున్నది ఆమెనే. మస్తు ధైర్యం."

"మీరు చూశారా?"

"నేనెట్ల జూస్త? నేను ఇంట్ల ఉంటి."

"అదే అడగాలండీ." ఆ పిల్ల కుర్చీ ముందుకు జరిపింది. "ఆ రోజు ఇంట్లో మీకేం జరిగిందో ఆవిడకు కూడా తెలియదట. ఇంటికొచ్చి నా జీపు కథే చెప్పుకున్నాను, ఆమెను అడగనే లేదు, నువ్వన్నా అడుగు అన్నారు. చెప్తారా? ఆ రోజు మీరేం చేశారు?"

ఇందిరమ్మ నోరు తెరిచింది.

ఆ సాయంత్రం తను గొంతు పోయేలా అరుచుకుంటూ ఇంట్లోకి వచ్చింది. అది గుర్తుంది. గుమ్మంలోనే మొదలుపెట్టింది కథ. నిరంజన్ ఎక్కడున్నాడు? ఉయ్యాల్లోనా? ఎవరి ఒళ్ళోనన్నా ఉన్నాడా? పాలకు ఏడ్చాడా? ఏడిస్తే ఏం పట్టింది? ఇద్దరు మనుషుల మగ్గాన్ని ఒక్కతే ఎట్లా నడిపింది? చీర దిగిందా ఆ రోజు? దిగే ఉంటుంది, ఎవరూ తిట్టినట్టు గుర్తులేదు. వెతికింది. గుంట, మగ్గం, దీపం, పక్కన ఒక మోకాలు. ఆ మోకాలి పైన మనిషి మొహం ఆ రోజు ఎట్లా ఉందో రాలేదు. ఎంత వెతికినా రాలేదు.

"తొందరేం లేదండీ" అంది ఆ పిల్ల మెల్లగా. నోట్లో నాలుక లేని మనిషితో మాట్లాడినట్టు.

"నాకు తెల్వదు బిడ్డా" అంది ఇందిరమ్మ.

"మీకు...?"

"జర ఆగు. అడిగొస్త."

కుర్చీలోంచి లేచి కర్టెన్ తోసుకుని బయటికి వచ్చింది. "యాడికమ్మా? లైను పోతది" అని ఫహీమ్ వెంటపడ్డాడు. "పోనీ. మళ్ళ కలుపుదువు" అంది. ఆటో కోసం చూడలేదు. ఎండలో నడిచిపోయింది.

ఇంట్లో నాగప్ప మంచం పక్క నుంచి లేచి, ఆమె మొహం చూసి, ఏమీ అడక్కుండా బయటికి పోయాడు. ఇందిరమ్మ కింద నేల మీద కూర్చుంది. మగ్గం గుంటలో కూర్చున్నట్టే, ఎడమ పక్కన.

"చెప్పినవా?" అంది స్వరూప, కళ్ళు తెరవకుండా.

"స్వరూపా. జీపు దినం నేను అటు పోయినంక, నువ్వు ఇంట్ల ఏం జేసినవే?"

స్వరూప కళ్ళు తెరిచింది. ఎవరు అడుగుతున్నారో తేల్చుకుంటున్నట్టు చూసింది.

"గిప్పుడెందుకు?"

"జెప్పు."

"లెక్క..." అని ఆగి, పెదాలు తడుపుకుంది. "నువ్వు గడప దాటంగనే పోరడు లేసిండు. ఒకటే ఏడుపు. గుంటల దింపుకున్న. నా కాళ్ళ సందున నిలవెట్టుకున్న. కింద పలక తొక్కితే అది మీదికి కిందికి ఆడుతది గదా. వాడు అదేందో ఆట అనుకున్నడు. దాని మీద కూసున్నడు."

ఇందిరమ్మకు నవ్వొచ్చింది. మాటొచ్చింది. వాడు ఇప్పటికీ అంతే అని ఒక ముచ్చట గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

"వాడు పలక మీద ఊగుకుంటుండె. నేనెట్ల తొక్కాలె అక్కా? వాని బరువుతోనే తొక్కిన. అంచు నాడె ఏసెటందుకు ఆ పక్కకు జరగాలె, అందుకునేటందుకు ఈ పక్కకు రావాలె. జరిగినప్పుడల్లా లెక్క తప్పె. తప్పినప్పుడల్లా ఇప్పి మళ్ళ వెట్టిన." ఊపిరి తీసుకుంది. ముక్కుతో చిన్న చప్పుడు చేసింది. "జీపు సంగతి తెల్వదు నాకు. నువ్వు సచ్చిపోయినవని ఎవరో జెప్పిండ్రు."

"ఎవరే?"

"పక్కింటి శాంతమ్మ. ఉరికొచ్చి జెప్పింది, మీ అక్క మీదికెల్లి జీపు తోలిండ్రు అని. నేను మగ్గం దిగలె. దిగితే పోరడు పడ్తడు. అట్లనే నేసిన."

ఇందిరమ్మ కుడి చెయ్యి మంచం పట్టె మీద పెట్టింది. అడిగింది:

"మళ్ళ?"